అత్తగారి గొంతు

"తలుపు తియ్యక్కా! కారు వచ్చి కింద నిలబడింది. ఇదేం మొండితనం నీది?" అంటూ పిన్ని మళ్ళీ తలుపు బాదింది.

లోపలినుంచి జవాబు వచ్చింది. కానీ అది పిన్నికి చెప్పిన జవాబు కాదు.

"గొడుగు తీసుకెళ్ళి పొయ్యిలో పెడతావా అల్లుడూ? మీ ఊళ్ళో వానలు పొయ్యిలో కురుస్తాయా?"

గొంతు అమ్మదే. కంచు మోగినట్టున్న గొంతు. ఇప్పటి గొంతు కాదు. జబ్బు రాకముందు, కంప్యూటర్ ఆట కోసం రికార్డు చేసిన గొంతు.

బాదబోయిన పిన్ని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "చూశావటే మీ అమ్మ నిర్వాకం! ఆసుపత్రిలో మంచం వేసి వాళ్ళు ఎదురుచూస్తుంటే ఈవిడ గడియపెట్టుకుని ఆడుకుంటోంది. చిన్నపిల్లలు నయం."

పెద్దమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. గది తనది. లోపలున్న కంప్యూటర్ తనది. ఆ మాటలు రాసిందీ తనే. తను రాసిన వెటకారమే ఇప్పుడు తన మొహాన వచ్చి కొడుతోంది.

తలుపు సందులోంచి మౌసు చప్పుడు వినిపించింది. టిక్. మళ్ళీ గొంతు.

"పిల్లిని బీరువాలో పెడతానంటాడు. బీరువాని పిల్లిలో పెట్టు నాయనా, అదీ చూసి తరిస్తాం."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకు ఇల్లంతా గొల్లుమనేది.

నాన్న ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొద్దుటే బూట్లు వేసుకున్నాడు. ఆసుపత్రి సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని రెండు చేతులతో పట్టుకుని, తలుపువైపే చూస్తున్నాడు. మిల్లులో రేకులు వంచే ప్రెస్సు షాపులో జీవితమంతా పనిచేసిన మనిషి. ఆ ప్రెస్సు దెబ్బలు ఆయన చెవులు పట్టుకుపోయాయి. పిన్ని తలుపు బాదడం చూస్తున్నాడే గానీ, ఆ చప్పుడు ఆయనదాకా చేరుతోందో లేదో ఎవరికీ తెలియదు.

చిన్నోడు ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"ఆసుపత్రి నుంచే. మధ్యాహ్నంలోపు చేరకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆపరేషన్ మళ్ళీ ఎప్పుడు పెడతారో చెప్పలేరట. డాక్టరు లైన్లోకొచ్చి మరీ అన్నాడక్కా, ఇప్పటికే ఆలస్యం చేశారు, ఇంకా చేస్తే నేను చేసేది కూడా ఏమీ ఉండదు అని."

"ఆ మాట లోపలికి వినబడేట్టు చెప్పు," అంది పిన్ని.

"చెప్తే వింటుందా?"

"మీ అమ్మ ఎప్పుడు వింది? వినిపించడమే గానీ."

నిన్న సాయంత్రం దాకా అంతా సవ్యంగానే ఉంది. గొంతులో కాన్సర్ అని తేలాక, స్వరపేటిక తీసేయాలని డాక్టరు చెప్పాక, అమ్మ ఏడవలేదు, అరవలేదు. మెడకు పెట్టే చిల్లులోంచే ఊపిరి తీసుకోవాలంటే "అయితే ముక్కు ఇంకెందుకు, కళ్ళజోడు నిలబెట్టుకోడానికా?" అంది. సంచి కూడా తనే సర్దుకుంది. అంతా అయ్యాక చిన్న కోరిక కోరినట్టుగా, "మీ ఆట ఒకసారి మొదట్నుంచీ ఆడాలని ఉంది. అది పూర్తిచేసి వస్తాను. సగంలో వదిలేస్తే మనసు అక్కడే పడుంటుంది," అంది.

దాంట్లో ఏముంది, ఆడుకోమన్నారు. పొద్దున లేచి చూసేసరికి గడియ పడి ఉంది.

ఆ ఆట పేరు ‘ఇల్లు తప్పిన అల్లుడు’. ఎవరూ లేరనుకుని ఒక దొంగ ఒక ఇంట్లో దూరతాడు. లోపల చూపు ఆనని అత్తగారు ఉంటుంది. వాణ్ణి తన కొత్తల్లుడనుకుంటుంది. ఇక వాడు బయటపడటానికి నానా అగచాట్లూ పడాలి. ప్రతి గదికీ ఒక చిక్కుముడి. ఏ వస్తువును దేంతో కలపాలో తెలియదు. తప్పు చేసినప్పుడల్లా అత్తగారు తిడుతుంది. ఎన్ని తప్పులు చెయ్యడానికి వీలుందో అన్ని తిట్లూ పెద్దమ్మాయి రాసింది. బొమ్మలు కదిలించడం, మాటలు అతికించడం చిన్నోడి పని. గొంతు అమ్మది.

విడుదల కావడానికి ముందే ఆట రుచి చూసిన వాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. చిక్కుముడులు చూస్తే జుట్టు పీక్కోవాలనిపిస్తుంది, కానీ ఆవిడ తిట్లకోసం కావాలనే తప్పు చేస్తాం అని.

"అక్కా, ఎక్కడ ఇరుక్కుందో చూసి సమాధానం చెప్పెయ్," అన్నాడు చిన్నోడు గొంతు తగ్గించి. "ఆఖరి గదిలోనే కదా. తలుపు సందులోంచి అరిచి చెప్పు. అయిపోతుంది, బయటికొస్తుంది."

"ఆఖరి గదికి సమాధానం ఏమిటో నీకు తెలుసుగా."

"తెలీకేం? ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. దేన్నీ ముట్టుకోకుండా కాసేపు ఊరుకుంటే అత్తగారికి కునుకు పడుతుంది, చేతిలో తాళంచెవి జారుతుంది. దిక్కుమాలిన చిక్కుముడి! అప్పుడే మొత్తుకున్నాను, ఆడేవాడు చేతులు ముడుచుకు కూర్చుంటాడా, ఎవడికీ తట్టదు అని. విన్నావా?"

"అది వేసింది నేను కాదురా."

"మరి నేను వేశానా?"

"అమ్మ వేసింది. మర్చిపోయావా? మనిద్దరం ఈ గుమ్మంలోనే కొట్టుకుంటుంటే, నేను మిల్లు క్యాంటీనులో వడ్డించే రోజుల్లో కుర్రకుంకలు ఎంత అరిచినా లొంగేదాన్ని కాదు, వాళ్ళు ఊరుకుంటే మాత్రం నాకు నిలబడే నిద్రొచ్చేది అంది. అదే పెట్టాం."

చిన్నోడు తలుపు దగ్గరికి జరిగాడు.

"అంటే అమ్మకి తెలుసు."

"తెలుసు. ఇంకో మాట చెప్పనా? ఆఖరి గదిలో గొడుగు లేదు. పొయ్యీ లేదు." పెద్దమ్మాయి తలుపువైపు చూసింది. "అవి మొదటి వంటింట్లో ఉన్నాయి. అమ్మ ఎక్కడా ఇరుక్కోలేదు. వెనక్కి పోయి కూర్చుంది."

"వెనక్కెందుకు పోయిందే?" అంది పిన్ని, ఆట సంగతి ఏమీ ఎరుగని మనిషి.

లోపల టిక్‌మంది.

"తాళంలో చెంచా పెట్టి తిప్పుతున్నావా? దానికేమైనా ఆకలేస్తోందని చెప్పిందా అల్లుడూ?"

వంటింటి మాటలు అన్నిటికంటే ముందు రికార్డు చేసినవి. ఎండాకాలంలో, ఈ గదిలోనే. బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత బొంతలు మేకులతో కొట్టారు. ఫ్యాను ఆపేశారు. అమ్మ చెమటలు కారుతూ, ఒక చేత్తో అట్టముక్క విసురుకుంటూ, ఒక్కొక్క తిట్టునూ నాలుకమీద దొర్లించి వదిలేది. ఒక్క మాటకు కూడా గొంతు తడబడలేదు అప్పుడు.

పిన్నికి మెల్లగా అర్థమైంది. తలుపుమీదున్న చెయ్యి తీసేసి, ఆ చేతినేం చెయ్యాలో తెలియనట్టు చూసుకుంది.

"తన గొంతు తనే వింటోందా?" అంది.

లోపల మౌసు మళ్ళీ కదిలింది. ఈసారి వేరే గదిలో ఏదో తగిలినట్టుంది.

"చేతులున్నాయి కదా అని అన్నీ ముట్టుకోకు. తలకాయ కూడా ఉందేమో, ఓసారి తడిమి చూసుకో."

ఈ మాటలో జీర ఉంది. ఇసుకలో చక్రం తిరిగినట్టు. చిన్నోడు ఉలిక్కిపడ్డాడు. లోపలున్నావిడ కూడా ఉలిక్కిపడిందేమో, వెంటనే గబగబా మౌసు నొక్కి మళ్ళీ వంటింట్లోకి పోయింది. గొడుగు, పొయ్యి, వాన.

"ఇది... ఇందాకటి లైను," అన్నాడు చిన్నోడు. "దీని మధ్యలో దగ్గింది అమ్మ. తలకాయ దగ్గర. నాకు బాగా గుర్తుంది. నేను కోసేశాను."

"ఇప్పుడు అదంతా ఎందుకురా?"

"ఒక్క దానిలోనా? వానలు మొదలైన దగ్గర్నుంచీ రోజూ దగ్గు కోయడమే నా పని. పొద్దున రికార్డు చేస్తారు, మధ్యాహ్నం నేను కూర్చుని దగ్గులన్నీ కోసి పారేస్తాను, సాయంత్రం నీకు శుభ్రంగా వినిపిస్తాను. ఒక్కరోజు... ఒక్కరోజు ఆ కోసినవన్నీ ఒకచోట వింటే నాకే తెలిసేది, ఇది మామూలు దగ్గు కాదని."

"నాకు వినిపించావా ఎప్పుడైనా?"

"నీకెందుకు వినిపిస్తాను? నువ్వు జీర బాగుంది అంటున్నావుగా!"

పెద్దమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"గట్టిగా అరవకు."

"అరుస్తాను. అమ్మా, గొంతు భలే గరగరలాడుతోంది, నిజంగా ముసలమ్మలాగే ఉంది, అలాగే చెప్పు, ఇంకాస్త చించుకుని చెప్పు అన్నదెవరు? రెండుసార్లు చెప్పిందాంట్లో ఏది బాగా బొంగురుగా ఉంటే దాన్ని ఏరుకున్నదెవరు? మంచినీళ్ళు తాగొస్తానంటే, వద్దమ్మా, తాగితే జీర పోతుంది అన్నదెవరు?"

ఆ చివరి మాట పెద్దమ్మాయి ఎవరికీ చెప్పలేదు. వాడు పక్కనే ఉన్నాడన్నది మర్చిపోయింది. ఈ ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి తను. డాక్టరు "గొంతు ఎప్పటినుంచి మారింది?" అని అడిగితే, చదువుకున్న కూతురివి కదా అన్నట్టు అందరూ తనవైపే చూశారు. "ఈమధ్యే" అంది తను.

"అవును, అన్నాను," అంది. "నేనే అన్నాను. ఇప్పుడేం చెయ్యమంటావు? ఆ బొంతల మేకుకి ఉరేసుకోమంటావా?"

"అక్కడే వచ్చింది నాకు మంట. ఏదన్నా అంటే చస్తానంటావు. నేనెక్కడికి పోను మరి? కోసిన చేతులు నావి!"

"చాల్లెండర్రా!" పిన్ని ఇద్దరి మధ్యకూ వచ్చింది. "ఆస్తా పంచుకుంటున్నారు, నీకింత నాకింత అని? తప్పు ఇద్దరిదీను, తీసుకోండి చెరిసగం. లోపల ఆవిడ చెవులు మూసుకుని కూర్చోలేదు."

అప్పుడు గమనించారు. లోపల మౌసు చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది.

గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

అమ్మ గుమ్మంలో నిలబడింది. స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, ఆసుపత్రికి వేసుకోవాలని తీసిపెట్టిన బట్టలే కట్టుకుని ఉంది. ఆమె వెనక తెరమీద దొంగ బొమ్మ చేతిలో గొడుగు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

"అయిందా తగువు? ఇంకా ఉందా?" అంది.

ఇప్పటి గొంతు ఇది. గాలి ఎక్కువ, మాట తక్కువ. చిరిగిన గోనె ఈడ్చినట్టుంది.

"అమ్మా, మేం..."

"దగ్గింది నేను. కోసింది వాడు. ఏరింది నువ్వు. ముగ్గురం కూర్చుని నవ్వుకున్నాం. అంత నవ్వు ఈ ఇంట్లో ఎప్పుడూ నవ్వలేదు. ఇప్పుడు దాన్ని కూడా పాడుచెయ్యకండి." ఊపిరి కోసం ఆగింది. "నొప్పిగా ఉందని నాకు తెలియదా? నా గొంతేగా. మీరు పడీపడీ నవ్వుతుంటే ఇంకొక్కటి చెబుదాం, ఇంకొక్కటి చెబుదాం అనిపించేది."

పెద్దమ్మాయి చేతులు పట్టుకోబోయింది. అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. కోపంగా కాదు. మాట పూర్తి కానిమ్మన్నట్టు.

"నేను రాను."

"అక్కా!" అంది పిన్ని.

"నువ్వూరుకోవే. రానంటే రాను. నాకు చావంటే భయం లేక కాదు. బోలెడు భయం. అదిగో, ఆయన్ని చూడండి."

అందరూ నాన్నవైపు చూశారు. ఆయన తలుపు తెరుచుకోవడం చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

"మీ మాట ఆయనకి వినబడుతుందా? చెవిలో నోరుపెట్టి అరిస్తే తప్ప ఎవరి మాటైనా వినబడుతుందా? ఆ వినికిడి మిషను తెచ్చిస్తే, చెవిలో మళ్ళీ ప్రెస్సు నడుస్తున్నట్టుందని సొరుగులో పడేశాడు. లోకంలో ఆయనకి చెవిన పడేది ఒక్క నా మాట. మిల్లు క్యాంటీనులో అన్ని యంత్రాలు మోగుతుంటే భోజనాలకి రండ్రోయ్ అని నేను కేకేస్తే, అవతలి షెడ్డులోంచి మొదట తలెత్తేది ఈయనే. ఇప్పుడు దీన్ని కోసి పారేసి నన్ను ఇంటికి పంపిస్తే ఆయనతో మాట్లాడేదెవరు? మీరా? ఈ ఆట పని అయింది, ఇక ఉద్యోగాలకి పొద్దున పోతే దీపాలు పెట్టాక గానీ రారు. గోడలా?"

"మాట్లాడటానికి పరికరం ఉందమ్మా. డాక్టరు చూపించాడుగా. మెడ దగ్గర పెట్టుకుంటే..."

"ఆ మరమనిషి గొంతా? నాకే భయమేసింది అది వింటే. ఆయనకి అది వినబడుతుందా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. వినబడుతుందా?"

పెద్దమ్మాయికి చదువు ఎన్నింటికో జవాబు చెప్పింది గానీ, దీనికి చెప్పలేదు.

నాన్న సంచి చంకన పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వచ్చాడు. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. చివరికి అమ్మ మొహం దగ్గర ఆగాడు. అక్కడ తనకి పని ఉన్నట్టు, అక్కడే చూస్తూ నిలబడ్డాడు.

"అడగండి ఆయన్నే," అంది అమ్మ. ఆయనవైపు తిరిగింది. "ఏవండీ, కాస్త ఆ కిటికీ మూయండి. దుమ్ము కొడుతోంది."

నాన్న తలూపాడు. "అలాగే. చూద్దాంలే."

కదల్లేదు.

అమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "కిటికీ," అంది మళ్ళీ, ఉన్న ఊపిరంతా పెట్టి.

"అలాగే, అలాగే."

పిన్ని, చిన్నోడు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మ, మొహంలో ఏ కోపమూ, ఏ తొందరా లేకుండా, చల్లగా, రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పింది.

"ఏవండీ, ఇల్లు అంటుకుంది. మన వంటిల్లు తగలబడిపోతోంది."

నాన్న నవ్వాడు. మెత్తగా తలూపాడు. "చూద్దాంలే."

పిన్నికి ముందు నవ్వొచ్చింది. కిసుక్కుమంది. ఆ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కిందనుంచి కారు హారను మోగింది. నాన్నకు అదీ వినబడలేదు గానీ, నలుగురి మొహాలూ ఒక్కసారే తనవైపు తిరిగి అలా నిలిచిపోవడం కనబడింది. ఏదో తప్పు చేశాననుకున్నాడు. నవ్వు మెల్లగా చెదిరిపోయింది.

"ఏమంది?" అన్నాడు. "నవ్వాల్సిన మాట కాదా?"

"నాన్నా!" చిన్నోడు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "అమ్మ మాట నీకు వినబడటం లేదా?"

నాన్న సంచి కిందపెట్టాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక గట్టిగా మాట్లాడేవాడు. ఇప్పుడూ అలాగే, ఇంటి మూలమూలలా వినబడేట్టు చెప్పాడు.

"వినబడటం లేదురా. ఎప్పట్నుంచో లేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు అంతా మాసిపోయినట్టైంది. మీ అమ్మ నోరు కదులుతోంది, చప్పుడు లేదు. నా చెవే పూర్తిగా పోయిందనుకున్నా. ఆవిడ గొంతు తగ్గిందని నాకేం తెలుసు?"

అమ్మ నిటారుగా నిలబడే ఉంది. ద్వారబంధం మీద వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

"చెబితే బాధపడుతుందని చెప్పలేదు," అన్నాడు నాన్న. "నా మాట ఒక్కటే మీకు వినబడుతుంది కదూ అని ఎంత గొప్పగా చెప్పుకునేది! అది కూడా లేదని ఎలా చెప్పను? అందుకని మొహం చూసి నెట్టుకొస్తున్నా. కోపంగా ఉంటే ఊరుకుంటాను. మామూలుగా ఉంటే తలూపుతాను. చూద్దాంలే అంటే దేనికైనా సరిపోతుంది."

చెప్పేసినందుకు ఆయనకు భారం దిగినట్టుంది. భార్యవైపు తిరిగి, బతిమాలుతున్నట్టు చేతులు చాచాడు. "నీ గొంతు నాకు ఎప్పుడో పోయిందే. ఇంకా దేనికోసం దాచుకుంటావు? నడువు."

పెద్దమ్మాయికి ఒక్కసారిగా గుండె తేలికైంది. ఇంక అడ్డేముంది? అమ్మ ఏ మాటకోసమైతే మంకుపట్టు పట్టిందో ఆ మాటే లేదని తేలిపోయింది. ఇప్పుడు వస్తుంది. రాక ఏం చేస్తుంది?

కానీ అమ్మ మొహం అలా లేదు.

"వానలు మొదలయ్యాకా?" అంది అమ్మ. ఎవరినీ అడగలేదు. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు అంది.

"అమ్మా?"

"వంటగట్టు దగ్గర. బయట జోరున కురుస్తోంది. ఈయన ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు." ఒక్కొక్క మాటకూ ఊపిరి ఎగదోసుకుంటోంది. "ఏవండీ, ఉమ్మితే నెత్తురు పడింది. పొద్దున ఒకసారి, ఇప్పుడొకసారి. డాక్టరుకి చూపించుకోనా అని అడిగాను. పిల్లలకి చెప్పలేదు. ఈయనకే మొదట చెప్పాను."

చిన్నోడి చేతిలో ఫోను మోగింది. వాడు చూడకుండానే నొక్కేశాడు.

"చూద్దాంలే అన్నాడు," అంది అమ్మ. "నవ్వి, చూద్దాంలే అన్నాడు. ఈ మనిషి నా కాలికి ముల్లు గుచ్చుకుంటే కంగారుపడతాడు. ఈయనే కంగారు పడలేదంటే అదేం పెద్ద జబ్బు కాదేమో అనుకున్నాను. నా పిచ్చిగానీ. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి ఈ బొంతల మధ్య కూర్చున్నాను."

పిన్ని గోడవైపు తిరిగిపోయింది.

నాన్న అమ్మ పెదాలనే చూస్తున్నాడు. కళ్ళు చికిలించి, మెడ ముందుకు చాచి, ఒక్క ముక్కైనా దొరుకుతుందేమోనని. తను కోప్పడాల్సిందో, తలూపాల్సిందో ఈసారి ఆయనకు తేలలేదు. దాపరికం పోయింది కదా, ఇక అడగడానికి సిగ్గేముంది అనుకున్నాడు కాబోలు, కూతురివైపు తిరిగాడు.

"ఏమంటోందే?"

అమ్మ కూతురిని చూసింది. చెప్పమనో, వద్దనో ఆ చూపులో లేదు. అలిసిపోయిన చూపు. ఈ బరువు నేను మొయ్యలేను, నువ్వు ఎక్కడ దింపుతావో దింపు అన్నట్టుంది.

"చెప్పవే," అన్నాడు నాన్న. "ఏమంటోంది మీ అమ్మ?"

నిజం చెబితే ఈయన ఇక ఈ గుమ్మం దాటడు. ఇక్కడే, ఈ సంచి పక్కనే కూలబడతాడు. ఆయన కూలబడితే అమ్మ కదలదు. కింద కారు ఉంది. ఆసుపత్రిలో మంచం మధ్యాహ్నం దాకానే ఉంది. పెద్దమ్మాయి ఇంతే ఆలోచించింది. ఇంతకంటే ఆలోచించడానికి తీరిక లేదు.

నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఆయన చెవికి నోరు ఆనించి అరిచింది.

"వస్తానంటోంది నాన్నా! బయల్దేరమంటోంది!"

నాన్న మొహం విచ్చుకుంది. "నేను చెప్పలా?" అన్నాడు అందరికీ వినబడేట్టు. "నా మాట తీసెయ్యదు. నాకు తెలుసు." సంచి అందుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయిన వాడిలా గబగబా మెట్లవైపు నడిచాడు. "డ్రైవరుని వెనక తలుపు తియ్యమంటాను. మీరు మెల్లగా తీసుకురండి."

"ఏవండీ," అంది అమ్మ.

ఆయన వీపు కదిలిపోతూనే ఉంది.

"ఏవండీ! నేను రానన్నాను. ఏవండీ!"

చిరిగిన ఆ గొంతు గుమ్మం దాకా కూడా పోలేదు. నాన్న మెట్ల మలుపు తిరిగాడు. డ్రైవరుతో ఏదో సరదాగా అంటున్న ఆయన పెద్ద గొంతు కిందనుంచి వినబడింది.

చిన్నోడు తల వంచుకున్నాడు. పిన్ని మెల్లగా వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకోబోయింది. అమ్మ విదిలించుకుంది. కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది. ఎంత దగ్గరికి వచ్చిందంటే, మాటకంటే ముందు ఊపిరి తగిలింది.

"గొంతు ఇంకా ఇక్కడే ఉందే నాకు," అంది తన మెడమీద వేలు పెట్టి. "కోసే దాకా కూడా ఆగలేకపోయావా? అప్పుడే నా మాట నువ్వు మాట్లాడటం మొదలెట్టావు!"